పక్కన జాగా

బోర్డు మీద ఒరియా పైన, తెలుగు కింద.
మధ్యలో దండాసి మేస్త్రి గీసిన చట్రం,
దాని లోపల ఏమీ లేదు.
"ఎవుడి మొకం ఆడే ఊయించుకుంటాడు" అనేవాడు.

పర్లాకిమిడిలో పెళ్ళిఫోటోకి ఒక రేటు,
దేవుడికి ఒక రేటు.
పోయినవాళ్ళకి బేరం లేదు,
ఇచ్చింది పుచ్చుకుని
తల వంచుకుని మేకులు కొట్టాలి.

మొదటి ఆరు నెలలూ నాకు కర్ర కొయ్యడమే.
వెంట్రుకవాసి తేడా వస్తే చాలు
నాలుగో మూల నోరు తెరిచి వెక్కిరించేది.
"మూడు మూలలు ఎవుడైనా కలుపుతాడ్రా,
నాలుగోది నీ పనితనం సెప్తాది."

తర్వాత గాజు. తర్వాత సరేసు,
దాని కంపు అన్నం ముద్దలోకీ దుప్పట్లోకీ వచ్చేది.
బంగారం జోలికి మాత్రం మూడో ఏడు దాకా రానివ్వలేదు.

సుద్దా సరేసూ ఎనిమిది పూతలు,
ఆపైన ఎర్రమట్టి, మేక కార్జం రంగులో.
రేకుల పుస్తకం తెరిచేముందు పంకా ఆపాలి,
తలుపు మూసి, వీధిలో ఆటో పోయేదాకా ఆగాలి.
ఉడుత తోక కుంచె చెంపకి రాసుకుంటే
ఆ కాస్త జిడ్డుకే రేకు లేచి వస్తుంది.
లేపేటప్పుడు ఊపిరి బిగబట్టు.
ఆన్చేముందు మట్టి మీద ఊపిరి వదులు,
ఆ తడికే అది అంటుకుంటుంది.
"బంగారం సేటుదిరా, ఆవిరి నీది."

దగ్గు మొదలైన ఏడు
మేస్త్రి కుంచె నా చేతికిచ్చాడు.
ఏమీ చెప్పలేదు.
పంకా ఆపి పక్కకి జరిగాడంతే.

ఆ ఏడే, గుమ్మ వైపు కొండల నించి
ఒక సవరామె దిగింది. పేరు సుంబారి.
కొంగు ముడిలో ఆధార్ కార్డు.
మొగుడి బొమ్మ ఈ లోకంలో అదొక్కటే,
గోరంత. బెదిరిన కళ్ళు
కెమెరాని కాదు, దాని వెనక ఎవరినో చూస్తున్నట్టు.

స్టూడియోలో పెద్దది చేయించాం.
పెద్దదయ్యేకొద్దీ మనిషి ఇసకయిపోయాడు.
దగ్గరికెళితే చుక్కలు,
నాలుగడుగులు వెనక్కొస్తే అతను.

చేతులు చాపి కొలత చూపించింది: ఇంత.
బొమ్మకి రెండింతలు.
"అంత గాజు దండగమ్మా" అన్నాను.
బొమ్మ పక్కన, బల్ల మీద, అరచెయ్యి ఆన్చి
"ఇక్కడ నాను" అంది.
"ఇప్పుడు కాదు. తరవాత."
కొడుకులు మళ్ళీ ఖర్చు పెట్టరని
ముందే జాగా కొంటోంది
బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరినట్టు.

మేస్త్రి నవ్వలేదు.
అట్టలో రెండు కిటికీలు కోశాడు.
ఒకదాని వెనక అతను,
ఒకదాని వెనక నల్ల కాగితం.
మేకులకి బదులు తిప్పుడు బిళ్ళలు పెట్టాడు,
రేపు విప్పడానికి.

రాలిన రేకుల తుక్కు
మా కొట్లో తలనొప్పి మందు డబ్బాలో ఉంటుంది.
నేను డబ్బా వైపు చూశాను.
మేస్త్రి నా వైపు చూశాడు.
"ఆవిడ ధర్మం అడగలేదు. కొలత అడిగింది."

పటం ఎత్తి వెలుగులో పట్టుకుంది.
ఆ నలుపు మీది గాజులో తన మొహం కనబడింది కాబోలు,
ముక్కుపోగు సర్దుకుంది.
తర్వాత కొంచెం కుడికి జరిగింది,
సరిగ్గా మధ్యకి వచ్చేలా.

మూడొందల నలభై. అన్నీ పది నోట్లు.
రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది,
ఒకసారి సవరలో, ఒకసారి మా కోసం.

ఇప్పుడు బరంపురం నించి ప్లాస్టిక్ చట్రాలొస్తున్నాయి
ఎనభై రూపాయలకి, పుట్టుకతోనే బంగారు రంగు.
మేస్త్రి లేడు. బోర్డు అలాగే ఉంది.
ఏడాదికోసారి ఎవరో పాత అద్దం పట్టుకొస్తే
రేకుల పుస్తకం తీస్తాను.

ఎనిమిదేళ్ళు.
ఆ బిళ్ళలు తిప్పమని ఇంతవరకూ ఎవరూ రాలేదు.
మంచిదే.

సంతరోజు కొండ బస్సు ఆగినప్పుడు
చెంపకానించిన కుంచె అక్కడే ఉంచి
దిగేవాళ్ళ చేతుల వైపు చూస్తాను,
సంచుల్లో పలకలాంటిదేమైనా ఉందేమోనని.
ఊపిరి ఎలాగూ
బిగబట్టే ఉంటుంది.